వైబ్రఫోన్‌కి పెడల్ ఒక్కటే చాలదు

వైబ్రఫోన్ అంటే మాలెట్లతో (గుండ్రటి తల ఉన్న కర్రలతో) లోహపు పలకల మీద కొట్టి వాయించే వాద్యం. దాన్ని నేర్చుకునేవాళ్లకి మాలెట్ డాంపెనింగ్, అంటే మోగుతున్న పలకని మాలెట్‌తోనే నొక్కి ఆపడం, మొదటి నెలల్లోనే నేర్పాలి. "అది తర్వాత చూద్దాంలే" అని పక్కన పెట్టే పద్ధతి మీద నాకు చాలా కోపం ఉంది. నాలుగు మాలెట్లు పట్టుకోవడం, పెద్ద పెద్ద కార్డ్‌లు (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు), స్పీడు, అన్నీ ముందే నేర్పుతారు. మోగించిన స్వరాన్ని ఎలా ఆపాలో మాత్రం చాలాచోట్ల చెప్పరు.

ఇలాంటిదే మరింబా అనే వాద్యం, దాని చెక్క పలకల మోత త్వరగా తగ్గిపోతుంది. వైబ్రఫోన్‌వి అల్యూమినియం పలకలు, పెడల్ తొక్కి ఉంచితే సెకన్ల తరబడి మోగుతూనే ఉంటాయి. పియానోలో దాదాపు ప్రతి కీకీ విడిగా డాంపర్ (మోత ఆపే మెత్త) ఉంటుంది. ఇక్కడ మామూలుగా ఉండే 37 పలకలకీ కలిపి మోత ఆపే పట్టీ ఒకటే. పెడల్ వదిలితే అన్నీ ఒకేసారి ఆగిపోతాయి.

కింద సీ మేజర్ కార్డ్ మోగుతుండగా పైన ఎఫ్ (F) స్వరం నుంచి ఈ (E) స్వరానికి దిగాలనుకోండి. పెడల్ వదిలితే కార్డ్ పోతుంది. వదలకపోతే ఎఫ్, ఈ రెండూ కలిసి చెవిలో గీరుకుంటాయి. అందుకే ఒక మాలెట్‌తో ఈ (E) వాయిస్తున్న క్షణంలోనే, ఎఫ్ వాయించిన మాలెట్‌ని మళ్లీ ఎఫ్ మీద ఆనించి నొక్కాలి. కార్డ్ అలాగే ఉంటుంది, ఎఫ్ ఒక్కటే ఆగుతుంది.

చెప్పడం తేలికే, చెయ్యి అలవాటు పడటమే కష్టం. మాలెట్‌ని గట్టిగా దించితే 'టక్' మని ఇంకో దెబ్బ వినిపిస్తుంది. భయపడి మరీ తేలిగ్గా తాకిస్తే పలక 'జుర్ర్' మంటుంది. పలక మీదికి నెమ్మదిగా వచ్చి, తాకిన వెంటనే బరువు పెట్టాలి. పలక మధ్యలో నొక్కండి. పలకల్ని పట్టి ఉంచే తాడు వెళ్లే చోట పలక దాదాపు కదలదు, కాబట్టి అక్కడ ఎంత నొక్కినా మోత సరిగ్గా ఆగదు. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే ఎంత టెన్షన్ తప్పుతుందో!

సాధనకి సీ మేజర్ స్కేల్ చాలు. పెడల్ పూర్తిగా తొక్కి ఉంచి, ఎడమ చేత్తో సీ. కుడి చేత్తో డీ వాయిస్తూనే ఎడమ మాలెట్‌తో సీని ఆపాలి. తర్వాత ఎడమతో ఈ (E) వాయిస్తూ, కుడితో డీని ఆపడం. ఎప్పుడు విన్నా ఒక్క స్వరమే మోగుతూ ఉండాలి. పక్కపక్క పలకల మీద ఒకే మాలెట్‌ని జార్చి ఆపడం దీని తర్వాతి మెట్టు.

వైబ్రఫోన్ వాద్యకారుడు డేవిడ్ ఫ్రీడ్‌మన్ 1973లోనే డాంపెనింగ్, పెడలింగ్ మీద ఏకంగా ఒక పాఠ్యపుస్తకం రాశారు. మరో వైబ్రఫోన్ వాద్యకారుడు గ్యారీ బర్టన్ తోడు వాద్యాలు లేకుండా ఒక్కడే వాయించిన రికార్డింగులు వినండి. మెలడీ ఎక్కడా మసకబారదు, కింద కార్డ్ తెగదు.

స్పీడుగా వాయించేటప్పుడు ఇదంతా కుదరదని కొందరంటారు. నిజమే, అక్కడ ఎక్కువ పని పెడలే చేస్తుంది. కానీ ఈ వాద్యం అందం తెలిసేది నెమ్మదైన పాటల్లోనే. మాస్టర్లూ, పిల్లల్ని పరీక్షించేటప్పుడు స్పీడు స్కేల్‌తో పాటు, పెడల్ తొక్కి ఉంచి ఒక బల్లాడ్ (నెమ్మదైన పాట) కూడా వాయించమనండి.