స్విచ్చి తనే వెనక్కి తిరిగింది, నాకు చెప్తే సొమ్మేం పోయింది?

మొన్న రాత్రి తొమ్మిదింటికి అన్నం కంచం ముందునుంచి లేచి శ్రీకాకుళం నుంచి పలాస దాకా బండి మీద ఎందుకెళ్ళానో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ అర్థం కాలేదు. ఇక్కడ చెప్పుకుంటే కొంచెం కడుపుమంట తగ్గుతుందని రాస్తున్నా.

పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి ఆఫీసుకి నెట్‌వర్క్ చూసిపెడతాను. అక్కడున్నది క్లౌడ్ స్విచ్చి, అంటే ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ కలిపే పెట్టె, దాని సెట్టింగులు మాత్రం ఇంటర్నెట్‌లో కంపెనీవాళ్ళ సర్వర్ నుంచి దిగుతాయి. కంపెనీ పేరెందుకులెండి. ఇంట్లో కూర్చుని బ్రౌజర్లో మార్చేయొచ్చు, అదే దాని గొప్ప. ఎనిమిదీ నలభైకి అప్‌లింక్ పోర్టులో (బయటి లైను తగిలే చోట) పాత వీల్యాన్లు (ఒకే స్విచ్చిలో విడివిడిగా పెట్టుకునే నెట్‌వర్కులు) తీసేస్తూ, స్విచ్చి క్లౌడ్‌తో మాట్లాడే వీల్యాన్ కూడా తీసేశాను. కూర్చున్న కొమ్మే నరుక్కున్నాను. సేవ్ నొక్కాను. బ్రౌజర్లో పచ్చ చుక్క ఎర్రబడింది, అంటే స్విచ్చి ఇక క్లౌడ్‌కి అందట్లేదు.

తప్పు నాదే, ఒప్పుకుంటాను. నా గొడవ ఆ తర్వాతది.

పాతకాలం స్విచ్చిల్లో ఒక సుఖం ఉండేది. మార్పు మెమరీలోనే ఉంటుంది, మనం 'రైట్' కమాండ్ కొడితేనే ఫ్లాష్‌లోకి (కరెంటు పోయినా చెరగని చోటికి) ఎక్కుతుంది. కొట్టకముందు చెడిందా, ఎవరిచేతనైనా ఆపి వేయిస్తే పాతది వచ్చేస్తుంది. సిస్కోలో అయితే ముందుగా 'రీలోడ్ ఇన్ 10' అని కొట్టి పని మొదలుపెట్టేవాళ్ళం. పని సవ్యంగా అయితే క్యాన్సిల్, లేకపోతే పది నిమిషాలకి అదే రీబూటై పాత దారికొస్తుంది. ఆ అలవాటు చొప్పునే వాచ్‌మన్ తాతకి ఫోన్ చేసి ప్లగ్గు పీకి పెట్టమన్నాను.

"పెట్టేశాను బాబూ, లైట్లన్నీ ఎలుగుతున్నాయి. నానింకేటీ ముట్టుకోనేదు."

ఎలగవా మరి. క్లౌడ్ నుంచి దిగింది దిగినట్టే స్విచ్చి రాసేసుకుంది, మళ్ళీ లేచినా అదే తప్పుతో లేస్తుంది. బండి తీశాను. నరసన్నపేట, టెక్కలి దాటి పలాస చేరేసరికి పదకొండుకి పది నిమిషాలు తక్కువ. బ్యాగులోంచి కన్సోల్ కేబుల్ (లాప్‌టాప్‌ని నేరుగా స్విచ్చికి తగిలించే తీగ) తీసి ముడి విప్పుతుంటే స్విచ్చి లైట్లన్నీ ఒక్కసారి ఆరి వెలిగాయి. కాసేపటికి ఫోన్లో పచ్చ చుక్క! నేను వేలు కూడా పెట్టలేదు.

అప్పుడు వెతికితే తెలిసింది. రెండు గంటలపాటు క్లౌడ్ దొరక్కపోతే చివరగా బాగున్న కాన్ఫిగ్‌కి (సెట్టింగులకి) అదే వెనక్కి పోతుందట. నేను తాతచేత ఆపించి వేయించినప్పుడు ఆ లెక్క మళ్ళీ మొదటికొచ్చింది. అంటే ఊరుకుని అన్నం తినుంటే ఇంకో ఇరవై నిమిషాల ముందే బాగుపడేది. "మరి ఇంత దూరం ఎందుకొచ్చినావు బాబూ?" అని తాత అడిగితే ఏం చెప్పను?

ఇలా పాతదానికి తిరిగిపోయే రోల్‌బ్యాక్ వద్దనట్లేదు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ వాళ్ళు తమ వెన్నెముక నెట్‌వర్క్‌నే ఒక కమాండ్‌తో తెంపుకుని ఆరు గంటలు చీకట్లో ఉన్నారు. దూరం నుంచి చక్కదిద్దే దారీ లేక మనుషులు డేటా సెంటర్లకి పోవాల్సొచ్చింది. వాళ్ళకే తప్పలేదు, నేనెంత! కానీ మంచీ చెడ్డా తేల్చడానికి స్విచ్చికి ఉన్న కొలబద్ద ఒక్కటే: క్లౌడ్ కనిపిస్తోందా, లేదా. అక్కడే నాకు ఒళ్ళు మండేది.

అదే ఆఫీసులో ఇంకోసారి కాటా దగ్గరి కంప్యూటర్ పోర్టుని వేరే వీల్యాన్‌లో పెట్టేశాను. బిల్లు రాదు, లోడు లారీ కాటా మీదే నిలబడింది, డ్రైవరు తిడుతున్నాడు. స్విచ్చి మాత్రం క్లౌడ్‌తో కులాసాగా కబుర్లాడుతోంది, పచ్చ చుక్క నిగనిగలాడుతోంది. దాని దృష్టిలో అంతా క్షేమం.

దీనికి తిరగేసినది నిరుడు వానల్లో జరిగింది. కొత్త కెమెరాల కోసం చేసిన మార్పు సరైనదే. పావుగంటకి ఎక్కడో ఫైబర్ తెగింది. మా వైపు ఇది వింతా? 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో స్తంభాలు నేలకూలి రోజుల తరబడి కరెంటే లేదు. స్విచ్చి ఏమనుకుంది? నా మార్పు వల్లే లైను పోయిందనుకుని పాతదానికి వెళ్ళిపోయింది. లైనొచ్చాక డ్యాష్‌బోర్డు తెరిస్తే అక్కడ నా కొత్త కాన్ఫిగ్, పెట్టెలో పాతది. ఒక మెయిల్ లేదు, మెసేజ్ లేదు. కెమెరాలెందుకు రావట్లేదని ఒక పూటంతా కేబుళ్ళు పీకాను. ఆఖరికి లాగులో ఎక్కడో అడుగున ఒక్క లైను దొరికింది.

జూనిపర్ కంపెనీ పెట్టెల్లో 'కమిట్ కన్ఫర్మ్‌డ్' అనే కమాండ్ ఎప్పట్నుంచో ఉంది. మనం వేరే చెప్పకపోతే పది నిమిషాలు గడువు, ఆలోపు మళ్ళీ కమిట్ కొట్టకపోతే పాతదే. మైక్రోటిక్‌లో సేఫ్ మోడ్ పెట్టుకుంటే మన సెషన్ మధ్యలో తెగితే చేసినవన్నీ చెరిగిపోతాయి. అంటే బాగుందో లేదో చెప్పేది పని చేసిన మనిషి. ఏటేటా లైసెన్సు కట్టించుకునే క్లౌడ్ పెట్టెలో ఆ మాట నా చేతికెందుకివ్వరు? గడువు నన్ను పెట్టుకోనివ్వండి. బిల్లింగ్ సర్వర్ పలుకుతోందో లేదో కూడా చూడమని చెప్పనివ్వండి. వెనక్కి పోతే పోండి, పోయామని ఒక్క మెసేజ్ కొట్టండి. సపోర్టుకి ఇదే రాస్తే "మీ సూచనకి ధన్యవాదాలు" అని వచ్చింది. టికెట్ కూడా వాళ్ళే మూసేశారు.

వచ్చే శనివారం టెక్కలి గోడౌన్లో స్విచ్చి మార్పులున్నాయి. సాయంత్రం ఐదింటికే అక్కడికి పోయి, కన్సోల్ కేబుల్ గుచ్చి పక్కన కూర్చున్నాకే సేవ్ నొక్కుతాను. క్లౌడ్ అట, క్లౌడ్!