కర్టెసీ గూగుల్ గారికి సన్మానపత్రం

తెలుగునాట చిత్రకారులు ఎందరో పుట్టారు గాని, గూగుల్ గారంత విస్తారంగా బొమ్మలు వేసినవారు మరొకరు లేరని సవినయంగా మనవి చేస్తున్నాను. సంక్రాంతి ఫ్లెక్సీ మీద గంగిరెద్దు, పళ్ల ఆసుపత్రి బోర్డు మీద ముప్పై రెండూ కనబడేలా నవ్వుతున్న విదేశీ కుటుంబం, పాఠశాల వార్షిక సంచికలో చంద్రుడు, ఎరువుల దుకాణం క్యాలెండరులో వరిచేను, వీటన్నింటి కిందా, చోటు మిగిలితే, ఒకటే సంతకం కనిపిస్తుంది: 'కర్టెసీ: గూగుల్'. 1906లో కన్నుమూసిన రవివర్మ జీవితమంతా కూర్చుని వేసినన్ని బొమ్మలు ఈయన ఒక్క శ్రీరామనవమికే వేసి ఇస్తున్నారు. సాహిత్యంలో ఆయనకు సాటి రాగలవారు, వాట్సాప్‌లో ప్రతి ఉదయం ఒక కథో కవితో విడుదల చేసే 'సేకరణ' గారు ఒక్కరే. సంగీతంలో మాత్రం ఇటువంటి మహానుభావుడు ఇంకా తేలలేదు, ఎందుకంటే పాట కింద అబద్ధపు పేరైనా వేసే ఆచారం మనకు లేదు.

ఈ కళాసేవకు అడ్డుతగులుతున్నది 1957 నాటి కాపీరైటు చట్టం. బొమ్మ గీసిన క్షణం నుంచే అది గీసినవారి సొత్తని, అందుకు ఏ రిజిస్ట్రేషనూ అక్కరలేదని, ఆ హక్కు గీసినవారి తదనంతరం కూడా 60 ఏళ్లు నిలుస్తుందని ఆ చట్టం నిర్మొహమాటంగా చెబుతోంది. మొదట్లో ఈ గడువు 50 ఏళ్లే ఉండేది. 1941లో మరణించిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనలు ఊరుమ్మడి సొత్తు కాబోయే సమయానికి ఢిల్లీ వారు మేల్కొని 1992లో మరో పదేళ్లు కలిపారు. ఆ లెక్కన 2014లో మనల్ని విడిచి వెళ్లిన బాపు గారి బొమ్మల మీద హక్కు 2074 డిసెంబరు 31 దాకా ఆయన వారసులదో, వారి నుంచి తీసుకున్నవారిదో అవుతుంది. అయితే ఆ బొమ్మలను పెళ్లిపత్రికల మీద అచ్చువేయదలచినవారి ఇళ్లలో ముహూర్తాలు అంతదాకా ఆగవు కనుక, అనుమతి అడిగే కార్యక్రమాన్ని మనవలకు వదిలిపెట్టడం సంప్రదాయమైంది.

చట్టం పాపమని చెప్పినప్పుడు ప్రాయశ్చిత్తం కనిపెట్టడం మన జాతికి కొత్త కాదు. యూట్యూబు వీడియో కింద 'నో కాపీరైట్ ఇన్‌ఫ్రింజ్‌మెంట్ ఇంటెండెడ్' అని రాయడం అటువంటిదే. పక్కవారి చెట్టున మామిడికాయలన్నీ దులుపుకుని, దొంగతనం చేయాలన్న సంకల్పం మాకు లేదని ప్రహరీ గోడ మీద రాసి వెళ్లడానికీ దీనికీ తేడా ఏమిటో పెద్దలే చెప్పాలి. ఎడిటింగ్ షాపులలో దీనికి తోడు 'పది సెకన్ల సెక్షన్' అనేది కూడా ఉంది. పాటలో పది సెకన్ల లోపు వాడుకుంటే ఎవరూ ఏమీ అనరాదని చెప్పే ఆ సెక్షన్‌ను నేను చట్టమంతా తిరగేసి వెతికాను, దొరకలేదు. బహుశా చట్టాన్ని కూడా పది సెకన్లే చదివినవారికి కనిపిస్తుంది కాబోలు.

నిజానికి చట్టం మనవైపు ఉన్న చోటు ఒకటుంది, అది పెళ్లి. ఆ చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం మతపరమైన వేడుకలోనూ, పెళ్లి ఊరేగింపులోనూ, పెళ్లికి సంబంధించిన ఇతర సంబరాలలోనూ పాట వాయిస్తే అది ఉల్లంఘన కాదు. పెళ్లిళ్లలో రాయల్టీ వసూలు చేయవద్దని కేంద్ర ప్రభుత్వ శాఖ 2023 జూలై 24న ప్రత్యేకంగా ప్రకటన కూడా ఇచ్చింది. మా బావగారు ఈ సంగతి తెలిసిన రోజు నుంచి డీజే వాడికి బయానా రెట్టింపు చేశారు. చిక్కల్లా ఎక్కడ వచ్చిందంటే, ఊరేగింపు వీధిలో ముగిసిన తరువాత దానిని నాలుగు డ్రోన్ షాట్లతో, ఆరు సినిమా పాటలతో యూట్యూబులోకి కూడా ఊరేగించారు. మర్నాటికి ఆ పాటల హక్కుదారు తరఫున క్లెయిము వచ్చి కూర్చుంది. ప్రకటనలేవైనా వస్తే ఆ డబ్బు వారికే పోతుందట. "పిల్ల నాది, కట్నం నేనిచ్చాను, భోజనాలు నేను పెట్టాను, మధ్యలో వీళ్లకేం హక్కు బావా?" అని ఆయన నన్ను నిలదీశారు. పాట వారిదని చెప్పాను. "పాటదేముంది, నెట్‌లో ఉన్నదేగా" అన్నారు.

పోనీ, త్యాగరాజ కీర్తన పెట్టుకోమన్నాను. స్వామివారు 1847లో సిద్ధిపొందారు కనుక సాహిత్యానికీ సంగీతానికీ ఎవరికీ ఏమీ చెల్లించనక్కరలేదు. బావగారు సంతోషించి వెంటనే ఒక ప్రసిద్ధ విద్వాంసుల రికార్డింగును దించుకుని అతికించారు. కీర్తన వేరు, పాడి విడుదల చేసిన రికార్డింగు వేరు, దానికి విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల హక్కు విడిగా ఉంటుంది అని నేను వివరిస్తున్నంతసేపూ, ఎనిమిదేళ్లు సంగీతం నేర్చుకుని వచ్చిన వారి కోడలు వంటింట్లో ఆ కీర్తననే కూనిరాగం తీస్తూ పోపు వేస్తోంది. ఆమె చేత పాడించి ఫోనులో రికార్డు చేసుకుంటే ఏ కంపెనీ అడగదన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు, వచ్చినా గౌరవప్రదంగా తోచి ఉండదు.

ఇక అడగకుండానే అనుమతి ఇచ్చేసే వెర్రివాళ్లు కొందరున్నారు, వారిలో నేనొకణ్ణి. 2002 నుంచి క్రియేటివ్ కామన్స్, పొట్టిగా 'సీసీ', అనే లైసెన్సులు, అంటే షరతులు చెప్పి ముందే ఇచ్చేసే అనుమతిపత్రాలు, అందుబాటులో ఉన్నాయి. 'బై' అంటే చేసినవారి పేరు వేయండి, 'ఎన్‌సీ' అంటే వ్యాపారానికి వాడకండి, 'ఎన్‌డీ' అంటే మార్చిన రూపాన్ని పంచకండి, అనగా నా ఫొటోలోని గేదె పక్కన మీ ఎమ్మెల్యే గారిని నిలబెట్టకండి, 'ఎస్ఏ' అంటే మార్చి పంచితే మీరూ ఇవే షరతులతో పంచండి అని అర్థం. నేను రాజమహేంద్రవరంలో పుష్కరఘాట్ మెట్ల మీద తెల్లవారుజామున మూడు రోజులు కాపుకాసి, దోమలకు రక్తం ధారపోసి తీసిన గోదావరి ఫొటోను, అందరూ వాడుకోదగిన బొమ్మల ఆన్‌లైన్ భాండాగారమైన వికీమీడియా కామన్స్‌లో 'సీసీ బై-ఎస్ఏ 4.0' కింద పెట్టాను. అమ్ముకోండి, అచ్చువేసుకోండి, పేరూ లైసెన్సూ ఒక్క వరుసలో రాయండి, మారిస్తే మార్చామని చెప్పండి, అంతకుమించి పైసా వద్దు అన్నది దాని సారాంశం.

నిరుటి జనవరిలో ఆ గోదావరి ఒక ఫైనాన్స్ కంపెనీ క్యాలెండరుగా మా గోడకు వచ్చింది. కింద గూగుల్ గారి సంతకం ఉంది. వెతుక్కుంటూ ప్రెస్సుకు వెళ్లి, డిజైనింగ్ చేసే కుర్రవాడికి నా మొర వినిపించాను. అతను మర్యాదస్తుడు, కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. "సార్, బొమ్మ గూగుల్‌ది కదా, మధ్యలో మీరెవరు?" అని అడిగాడు. ఆ బొమ్మ మీద నొక్కి అసలు పేజీకి వెళితే తీసినవారి పేరు ఉంటుందని చూపించాను. అంత లోపలికి తాము ఎప్పుడూ వెళ్లలేదని, ఆర్డర్లు ఎక్కువగా ఉంటాయని, మీ పేరు వేయాలంటే ఓనరుగారి ఫొటో కాస్త చిన్నదవుతుందని, అది ఆయనతో చెప్పే ధైర్యం తనకు లేదని చెప్పాడు. ఆ ఓనరుగారి ఫొటో నా సూర్యుడున్న చోటే ఉదయిస్తోంది.

చివరికి ఒప్పుకున్నాడు. ఏం వేయాలో రాసిమ్మంటే తెల్లకాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో నా పేరు, వికీమీడియా కామన్స్, లైసెన్సు, అన్నీ వరుసగా రాసిచ్చి, దణ్ణం పెట్టి వచ్చాను. ఈ ఏడు క్యాలెండరు మొన్ననే అందింది. మాట నిలబెట్టుకున్నాడు. అదే గోదావరి, అదే ఓనరుగారు, కింద ఎర్రరంగు అక్షరాలలో ఇలా ఉంది: 'ఛాయాచిత్రం: శ్రీ సి.సి. బైసా గారు. కర్టెసీ: గూగుల్.'