పదమ్సీని రెండు ముక్కలు చేయొద్దు

చిత్రకారుడు మనిషి బొమ్మతో మొదలై నైరూప్యానికి, అంటే గుర్తుపట్టే రూపాలు లేని చిత్రానికి, ఎదుగుతాడని, మళ్లీ బొమ్మ వేస్తే వెనకబడ్డట్లేనని మన కళాచర్చల్లో ఒక నమ్మకం పాతుకుపోయింది. చిత్రకారుడు అక్బర్ పదమ్సీ (1928-2020) ఆరు దశాబ్దాలకు పైబడిన కృషి ముందు అది నిలవదు. ముంబయి జేజే స్కూల్లో చదివి 1951లో పారిస్ చేరిన ఆయన మనుషుల తలలు, నగ్నదేహాలు, ఊరూ పేరూ లేని దృశ్యాలు జీవితమంతా పక్కపక్కనే వేస్తూ వచ్చారు. 1954లో ‘లవర్స్’ చిత్రం అశ్లీలమంటూ కేసు పెడితే, గోడ మీంచి దించనని పట్టుబట్టి కోర్టులో గెలిచారు.

1959-60లో రంగులన్నీ పక్కనబెట్టి బూడిదరంగుతోనే పెద్ద కాన్వాసులు వేశారు. ‘గ్రీక్ ల్యాండ్‌స్కేప్’ అప్పటిదే. ఎరుపూ నీలమూ ఉంటే చూపును రంగే లాగేస్తుంది. బొమ్మ కూర్పులో లోపమున్నా కప్పేస్తుంది. నలుపు తెలుపుల నడుమ ఛాయలే మిగిలితే ఆ ఆసరా పోతుంది. పక్కపక్క ఛాయల మధ్య తేడా చాలకపోతే అంచు కరిగి బొమ్మంతా చప్పబడుతుంది; ఎక్కువైతే ముక్కలుగా విడిపోతుంది. అదే బూడిదరంగులో పడుకున్న స్త్రీ దేహాన్నీ వేశారు. కొండ వాలుకైనా నడుము వంపుకైనా వెలుగునీడల లెక్క ఒక్కటే.

1970 నుంచి వచ్చిన ‘మెటాస్కేప్’లనే ఊహా ప్రకృతి దృశ్యాలలో రంగు మళ్లీ పొంగింది. ప్యాలెట్ నైఫ్‌తో (రంగు పూసే చదునైన కత్తితో) దట్టంగా పరిచిన పొరల మీద సూర్యచంద్రులు ఒకేసారి కనిపిస్తారు. దీనికి మూలం శాకుంతలం నాటకం మొదట్లో వచ్చే ప్రార్థన, నాందీశ్లోకం. శివుని అష్టమూర్తులను (ఎనిమిది రూపాలను) స్తుతిస్తూ కాళిదాసు వాటిలో సూర్యచంద్రులను పేరుపెట్టి పిలవలేదు, ‘కాలాన్ని విధించే ఆ రెండూ’ అన్నాడు. పేరు తీసేసి, చేసే పనిని నిలబెట్టడం: నైరూప్యానికి ఇంతకన్నా మంచి పాఠం మాకు తెలియదు. అలాంటి చిత్రం ముందు నిలబడి ‘ఇది ఏ ఊరు?’ అని అడిగితే దారి తప్పినట్లే. పుస్తకంలో అచ్చయిన ఫొటోలో చూసి తీర్పు చెప్పడమూ పొరపాటే. నైఫ్ వదిలిన గట్లు పక్కనుంచి వెలుతురు పడితేనే తేలతాయి, ఎదురు ఫ్లాష్‌లో చదునైపోతాయి.

ఆయన సినిమాలూ తీశారు. నెహ్రూ ఫెలోషిప్ సొమ్ముతో ముంబయిలో ఇతర కళాకారులకూ తలుపులు తెరిచిన ‘విజన్ ఎక్స్ఛేంజ్ వర్క్‌షాప్’ పెట్టి, గీతలే కదిలే ‘సిజిజీ’ అనే మూగచిత్రం చేశారు. రెండో చిత్రం ‘ఈవెంట్స్ ఇన్ ఎ క్లౌడ్ చాంబర్’ ఉన్న ఒక్క ప్రింటూ పోయింది. దశాబ్దాల తర్వాత సినీ దర్శకుడు అషీమ్ అహ్లువాలియా ఆయన జ్ఞాపకాల ఆధారంగా దాన్ని మళ్లీ ఊహించాల్సి వచ్చింది.

ప్రభుత్వ సేకరణల్లో ఉన్న పదమ్సీ తలలనూ మెటాస్కేపులనూ ఒకే గోడకు వేలాడదీయాలని, వెలుతురు పక్కనుంచి పడేలా దీపాలు అమర్చాలని కోరుతున్నాం. కళాకారుల ఫిల్ములు దగ్గరున్న ప్రతి సంస్థా ఈ ఏడాదే రెండో ప్రతి తీయించి, వేరే ఊళ్లో చల్లని, తేమలేని గదిలో భద్రపరచాలి.