కేంద్రకం లేనివన్నీ ఒక్క జాతి కాదు

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. పోయిన వారం స్లిప్ టెస్టులో ఒక బిట్టు వచ్చింది: గోబర్ గ్యాస్‌లో మీథేన్ తయారుచేసే జీవులేవి? తను "ఆర్కియా" అని రాసింది. బ్యాక్టీరియాలాగే కేంద్రకం లేని సూక్ష్మజీవులే, కానీ వంశం వేరు. ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన "బ్యాక్టీరియా" అని రాసి పంపారు. పోయింది అర మార్కే, దానికి బాధ లేదు. కానీ రైటు రాసిన పిల్ల చేత తప్పు ఒప్పించడం నాకు రెండు రోజులుగా మింగుడుపడటం లేదు.

తనకి ఆ మాట చెప్పింది నేనే. వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి ఊళ్లో పాత గోబర్ గ్యాస్ తొట్టి చూపించాను. నా చిన్నప్పుడు పొద్దున్నే పేడా నీళ్లూ సమంగా కలిపి, గడ్డిపరకలు ఏరేసి అందులో పోసేవాళ్లం. గ్యాస్ నిండేకొద్దీ ఇనప డ్రమ్ము మెల్లగా పైకి లేచేది. వంటింట్లో నీలం మంట. ఆ మీథేన్ చేసేవి గేదె పొట్టలోంచి పేడతో పాటు వచ్చిన జీవులే. గాలి తగిలితే బతకలేవు.

ఆ టీచర్‌ని కూడా అనలేను. మనందరం అలాగే చదువుకున్నాం. పేజీ మధ్యలో స్కేలు పెట్టి నిలువు గీత. ఒకవైపు కేంద్రకపూర్వ కణం, ఇంకోవైపు నిజకేంద్రక కణం. మనుషులు, చెట్లు, పుట్టగొడుగులు, అమీబా నిజకేంద్రక వైపు. రెండోవైపు వరసగా "ఉండదు, ఉండదు, ఉండదు". కేంద్రకం ఉండదు, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా ఉండదు. కణం నిర్మాణం వరకు ఇది నిజమే. కానీ లేనిదాన్ని బట్టి చుట్టరికం ఎలా కలుపుతాం? తోక లేదని కప్పనీ మనిషినీ ఒకే ఇంటివాళ్లని అంటామా?

ఈ ప్రశ్న గట్టిగా పట్టుకున్నది అమెరికాలో ఇలినాయ్ యూనివర్సిటీలో పనిచేసిన కార్ల్ వోస్. ప్రతి కణంలోనూ ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు ఉంటాయి కాబట్టి వాటిలోని ఆర్‌ఎన్‌ఏని పోల్చి చూద్దామనుకున్నాడు. దాన్ని ముక్కలు చేసి, ఆ ముక్కలు ఫిల్మ్ మీద వేసిన నల్లచుక్కల్ని లైటు బల్ల మీద పెట్టుకుని ఏళ్ల తరబడి చూస్తూ కూర్చున్నాడు. మీథేన్ చేసే జీవుల ఫిల్మ్ వచ్చినప్పుడు, బ్యాక్టీరియా అన్నింటిలో కనిపించే చుక్కలు అందులో లేవు. 1977లో జార్జ్ ఫాక్స్‌తో కలిసి ఇవి వేరే శాఖ అని ప్రకటించాడు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే కొట్టిపారేశారు. ఆయన మాత్రం వదల్లేదు.

తర్వాత చూస్తే తేడాలు ఒకటా రెండా! ఆర్కియా ప్లాస్మాపొరలో కొవ్వు అణువులు అతుక్కునే తీరే వేరు. బ్యాక్టీరియా కణకవచంలో ఉండే పెప్టిడోగ్లైకాన్ వీటికి లేదు, అందుకే దాని మీద దెబ్బకొట్టే పెన్సిలిన్ వీటిని ఏమీ చేయలేదు. పైగా డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ కాపీ తీసే యంత్రాంగం చూస్తే ఇవి బ్యాక్టీరియా కంటే మనకే దగ్గర. 2015లో నార్వే, గ్రీన్‌లాండ్ మధ్య సముద్రం అడుగు బురదలో దొరికిన ఆర్కియా జన్యువుల్లో, అప్పటిదాకా నిజకేంద్రక కణాలకే సొంతం అనుకున్నవి కూడా కనిపించాయి. అలాంటి ఆర్కియా ఒకటి ఒక బ్యాక్టీరియాని లోపల చేర్చుకోవడం, అదే మైటోకాండ్రియాగా మారడం, అలా మన కణం పుట్టిందని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. అంటే గీతకి అవతల ఉన్న రెండు వంశాలూ కలిస్తేనే ఇవతల మనం!

ఇంత గొప్ప కథని నాలుగు మార్కుల తేడాలుగా బట్టీ పట్టిస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. బ్యాక్టీరియాతో కలిపేస్తున్నారనే వోస్ 1990లో "ఆర్కీబ్యాక్టీరియా" అనే పాత పేరు చివర ఆ మాటే తీసేసి "ఆర్కియా" అన్నాడు. మన క్లాసుల్లో ఇంకా ఆ పాత పేరుతోనే, జీవులన్నింటినీ అయిదు రాజ్యాలుగా విడదీసిన 1969 నాటి విట్టేకర్ లెక్కలో, కేంద్రకం లేనివాటి రాజ్యమైన మొనీరా కిందే సర్దేస్తున్నాం. ఆ పట్టిక తీసేయమని నేను అనడం లేదు. ఇంకో గీత గీసి మూడో వరస పెట్టండి. తొమ్మిదో తరగతి పిల్లలకి అది బరువేం కాదు, మా అమ్మాయికి తొట్టి పక్కన నిలబడి పది నిమిషాల్లో అర్థమైంది.

"మరి నేను రాసింది రైటేనా అమ్మా?" అని నిన్న రాత్రి మళ్లీ అడిగింది. రైటే అన్నాను. సోమవారం ఆ పేపర్ పట్టుకుని నేనే స్కూలుకి వెళ్తున్నాను.