హ్యాంగయ్యే పీసీకి ఫార్మాట్ మందు కాదు

గేమింగ్ పీసీ ఉన్నవాళ్లకు ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. ఆట మంచి ఊపులో ఉండగా బొమ్మ ఆగిపోతుంది, స్పీకర్‌లో ఒకే శబ్దం గీరుతూ ఉంటుంది, మౌస్ కదలదు. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపాలి. తర్వాత మూడు రోజులు ఏమీ ఉండదు. తిరుపతిలో షాపుకు తీసుకెళ్తే తరచుగా వినిపించే మొదటి మాట "ఫార్మాట్ కొట్టేద్దాం సార్", అంటే డిస్క్ చెరిపేసి విండోస్ మళ్లీ వేద్దామని. ఆ మాట తప్పు.

మా అక్క కొడుకు ఇంజనీరింగ్ విద్యార్థి. వాడి పీసీ వారానికి రెండుసార్లు ఇలాగే హ్యాంగయ్యేది. ఒక షాపులో ఫార్మాట్ కొట్టారు. ప్రాజెక్టు ఫైళ్లు కొన్ని పోయాయి, హ్యాంగ్ మాత్రం పోలేదు. రెండోసారి విండోస్ తన ఘటనలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నల్-పవర్ 41' అన్న ఎర్ర గుర్తు చూపించి, ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పెట్టె) పోయిందని కొత్తది బిగించారు. నాలుగో రోజుకు మళ్లీ అదే కథ.

ఆ 41 దగ్గర కాస్త ఆగాలి. విండోస్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయి, మళ్లీ లేచినప్పుడు రాసుకునే గుర్తు అది. కరెంటు పోయినా పడుతుంది, మనం బటన్ నొక్కిపట్టి ఆపినా పడుతుంది. హ్యాంగైన పీసీని మావాడు తన చేత్తో ఆపిన ప్రతిసారీ ఆ గుర్తు పడింది! దాన్ని చూసి ఎస్ఎంపీఎస్ మార్చడమంటే, మనిషి కళ్లు తిరిగి పడ్డాడని విని గుండె ఆపరేషన్ చేసేయడమే. చూడాల్సింది అదే ఈవెంట్ వ్యూయర్‌లో హార్డ్‌వేర్ తప్పుల్ని రాసే డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ ఎంట్రీలు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు లాంటివి బిగించే పీసీఐ స్లాట్ వంటివి తప్పు చేస్తే చాలాసార్లు అక్కడ జాడ దొరుకుతుంది. మావాడి పీసీలో అవీ లేవు. మామూలు ర్యామ్‌కు తన తప్పును తాను నమోదు చేసుకునే శక్తి ఉండదు కాబట్టి అనుమానం అటు మళ్లింది.

పెన్‌డ్రైవ్‌లో ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 వేసి రాత్రంతా వదిలాం. పొద్దున చూస్తే తెర నిండా తప్పులే. ర్యామ్‌ను ఎక్కువ వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ తీసేసి మామూలు వేగంలో నడిపినా తప్పులు ఆగలేదు. రెండు ర్యామ్ స్టిక్కుల్ని విడివిడిగా పెట్టి చూస్తే ఒకటి శుభ్రంగా ఉంది, రెండోది చెడింది. అది ఇంకా వారంటీలోనే ఉంది. ఒక్కసారికి ఒక్కటే మార్చడం, ఏం జరిగిందో నోట్‌బుక్‌లో రాసుకోవడం, మేం చేసింది ఇంతే.

డ్రైవర్ (హార్డ్‌వేర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) పాడైతే ఫార్మాట్‌తో బాగవుతుంది కదా అంటారు షాపువాళ్లు. అవుతుంది, కాదనను. మూడు రోజులకోసారి వచ్చే జబ్బు కోసం పీసీని వారం బల్ల మీద ఉంచుకోలేమన్నదీ నిజమే. కానీ 2022లో కొన్ని ఏఎండీ పీసీలు ఉండుండి తడబడడానికి ఎఫ్‌టీపీఎం అనే భద్రతా ఏర్పాటు కారణమని ఆ కంపెనీయే ఒప్పుకుని, మదర్‌బోర్డులో ఉండే బయోస్ సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్ ఇచ్చింది. 2024లో ఇంటెల్ 13, 14 తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు క్రాష్ అవుతున్నాయన్న గోల రేగితే ఆ కంపెనీ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి కోడ్) సవరణ ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. వీటిలో దేనికి ఫార్మాట్ పనికొచ్చేది?

షాపులకన్నా పెద్ద తప్పు మనది. వెతికిన శ్రమకు మనం డబ్బివ్వం. "చూసినందుకు 500 ఏందన్నా?" అని గొడవపడి, అక్కర్లేని పార్టుకు వేలు పోస్తాం. పార్టు అమ్మితేనే నాలుగు రాళ్లు మిగిలే చోట ఏ మెకానిక్ రాత్రంతా మెమరీ పరీక్ష నడుపుతాడు?

ఇది ఒక్క పీసీల గొడవ కూడా కాదు. శ్రీసిటీ, రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు వచ్చాయి, బిగించే పని మన పిల్లలు నేర్చుకున్నారు. చెడినదాన్ని విప్పి కారణం పట్టుకునే పని ఎవరు నేర్పుతున్నారు? కేంద్రం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. రిపేరు సమాచారం ఒకచోట దొరకడం మంచిదే, దాన్ని చదివి వాడగలిగే చేతులూ కావాలి. ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో లోపం వెతకడాన్ని విడి సబ్జెక్టుగా పెట్టి, చెడిపోయిన మెషిన్లనే పరీక్షలో ఇవ్వాలి.

'తనిఖీ ఫీజు ఇంత, ఏం పరీక్షించామో కాగితం మీద రాసిస్తాం' అని తిరుపతిలో ఏ షాపు బోర్డు పెట్టినా, మావాడి పీసీ ఇకమీదట అక్కడికే పోతుంది.