సవరణ: సోర్స్ ఐపీ పర్సిస్టెన్స్ చాలన్నాను, చాలదు

మొన్న లోడ్ బ్యాలెన్సర్ల (వచ్చే రిక్వెస్టుల్ని చాలా సర్వర్లకి పంచేవి) మీద రాసిన పోస్టులో, లాగిన్ అయిన యూజర్ ఒకే సర్వర్‌కి వెళ్తూ ఉండాలంటే సోర్స్ ఐపీ పర్సిస్టెన్స్ (అంటే యూజర్ ఐపీ అడ్రస్ చూసి ప్రతిసారీ అదే సర్వర్‌కి పంపడం) పెడితే చాలని రాశాను. తప్పు రాశాను. ఆఫీసు లోపల వాడుకునే అప్లికేషన్‌కి సరిపోతుందేమో గానీ, జనం ఫోన్లలోంచి వచ్చే సైట్‌కి పనికిరాదు. మొబైల్ నెట్‌వర్క్‌లో ఐపీవీ4 మీద వచ్చేవాళ్లు బోలెడుమంది ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఉంటారు కదా, వాళ్లంతా పోయి ఒక్క సర్వర్ మీదే పడతారు, పక్కనున్నవి ఈగలు తోలుకుంటూ కూర్చుంటాయి. పైగా వైఫై నుంచి మొబైల్ డేటాకి మారగానే ఐపీ మారిపోయి, సగం నింపిన ఫారం గోవిందా.

అందుకని కుకీ పర్సిస్టెన్స్ వాడండి, అంటే బ్యాలెన్సర్ బ్రౌజర్‌లో ఒక కుకీ పెట్టి, దాన్ని చూసి అదే సర్వర్‌కి పంపుతుంది. హెచ్‌టీటీపీఎస్ సైట్ అయితే టీఎల్ఎస్ ఎన్‌క్రిప్షన్‌ని బ్యాలెన్సర్ దగ్గరే విప్పాలి, లేకపోతే కుకీ దానికి కనబడదు. ఎఫ్5 కంపెనీ లోడ్ బ్యాలెన్సర్ బిగ్-ఐపీ వాడేవాళ్లు ఆ కుకీకి ఎన్‌క్రిప్షన్ కూడా ఆన్ చేసుకోండి. లేదంటే బ్రౌజర్‌లో 1677787402.36895.0000 లాంటి అంకె కనిపిస్తుంది, చూడ్డానికి ఏదో చెత్తలా ఉంటుంది గానీ బైట్లు తిరగేస్తే అది 10.1.1.100, పోర్ట్ 8080. లోపలి సర్వర్ అడ్రస్ మనమే రాసిచ్చినట్టు!

హెల్త్ చెక్‌కి (సర్వర్ పనిచేస్తోందో లేదో బ్యాలెన్సర్ చూసుకోవడానికి) పోర్ట్ తెరిచి ఉందో లేదో చూస్తే చాలని అదే పోస్టులో అన్నదీ అరకొర మాటే. డేటాబేస్ కనెక్షన్ తెగి యాప్ వరసగా 500 ఎర్రర్లు విసురుతున్నా పోర్ట్ మాత్రం తెరిచే ఉంటుంది. ఒక పేజీ అడిగి, 200 (అంతా సరే అన్న జవాబు) వచ్చిందో లేదో చూడాలి.

పాత పోస్టులో ఆ రెండు పేరాలూ కొట్టేశాను, మిగతాది అలాగే ఉంచాను.