క్యాన్సర్ వార్డులో సిస్టర్ మాట చెల్లాలి

ఉత్తరాంధ్రలో క్యాన్సర్ మాట ఎత్తితే చాలు, చర్చంతా మెషిన్ల చుట్టూ, బెడ్ల చుట్టూ తిరుగుతుంది. రేడియేషన్ ఎక్కడుంది, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లాలా, పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వెళ్లాలా, ఎన్టీఆర్ వైద్యసేవలో వస్తుందా రాదా. అవన్నీ అవసరమే, కాదనను. కానీ కీమో ఎక్కించుకున్న మనిషి ప్రాణాన్ని చాలాసార్లు తీసుకెళ్లేది గడ్డ కాదు, ఇన్ఫెక్షన్. దానికి అడ్డంగా రాత్రీ పగలూ నిలబడేది స్టాఫ్ నర్సు. ఆమె మాటకి వార్డులో ఎంత విలువుందో ఒక్కసారి చూడండి.

సంగతి ఇదీ. కీమో మందు ఎముక మజ్జనీ దెబ్బకొడుతుంది, వారం పది రోజులకి తెల్లకణాల కౌంట్ పడిపోతుంది. వాటిలో క్రిముల్ని ముందు ఎదుర్కొనే న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరు రక్తంలో 500 కిందకి దిగాయంటే ఒంట్లో కాపలా లేనట్టే. అప్పుడు చీము పట్టదు, వాపు సరిగా కనపడదు, ఎందుకంటే చీము పట్టాలన్నా ఆ కణాలే కావాలి. చాలామందిలో జ్వరం ఒక్కటే గుర్తు. 101 డిగ్రీలు ఒక్కసారి తాకినా, 100.4 గంటసేపు నిలిచినా ఆలస్యం చేయకూడదు, గంటలోపే యాంటీబయాటిక్ నరంలోకి వెళ్లాలి. పెద్ద డాక్టరు రౌండ్స్ పొద్దున్నే అయిపోతాయి. రాత్రి రెండు గంటలకి థర్మామీటర్ పెట్టేది, ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్ పరీక్షకి రక్తం తీసేది, పడుకున్న డ్యూటీ డాక్టర్‌ని లేపేది సిస్టరే.

ఇక మందు ఎక్కించే గొట్టాల సంగతి. చేతి సిరలోంచి వేసే పిక్ లైన్ అయినా, చర్మం కింద అమర్చే కీమో పోర్ట్ అయినా గుండె దగ్గరి పెద్ద సిర దాకా వెళ్తుంది. సిరంజి పెట్టేముందు దాని మూతని స్పిరిట్‌తో 15 సెకన్లు రుద్దాలి, చేతులకి శానిటైజర్ ముందు 20 సెకన్లు, తర్వాత 20 సెకన్లు. చిన్నపనే కదా అనిపిస్తుంది. ఒక సిస్టరు, ముప్పైమంది పేషెంట్లు, ఒక్కొక్కరి లైన్ నాలుగుసార్లు ముట్టుకోవాలి అనుకోండి. లెక్క వేస్తే 110 నిమిషాలు, అంటే దాదాపు రెండు గంటలు ఒట్టి శుభ్రానికే పోతాయి, ఇంకా మందులు ఇవ్వలేదు, బీపీ చూడలేదు, కేస్ షీటు రాయలేదు. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు పేషెంట్లకి ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. మీరు ఈమధ్య ఏ వార్డుకైనా వెళ్లుంటే అది పాటిస్తున్నారో లేదో మీకే తెలుసు. అమెరికాలో పెన్సిల్వేనియా ఆసుపత్రుల మీద 2002లో వచ్చిన అధ్యయనంలో, నర్సు మీద ఒక్క పేషెంటు అదనంగా పడితే ఆపరేషన్ అయినవాళ్లు నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేలింది. ఒక్క పేషెంటుకే!

సంఖ్య పెంచితే సరిపోతుందా అంటే, చాలదు. అధికారం కావాలి. అమెరికాలోనే మిషిగన్ రాష్ట్రం ఐసీయూల్లో ఒక పద్ధతి పెట్టారు: పెద్ద సిరలో గొట్టం వేసేటప్పుడు డాక్టరు చేతులు కడగకపోయినా, ఒళ్లంతా కప్పే స్టెరైల్ షీటు వేయకపోయినా, నర్సు అక్కడికక్కడే ఆపేయొచ్చు. ఎంత సీనియరైనా సరే. గొట్టం ద్వారా రక్తంలో చేరే ఇన్ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గాయని 2006లో ఫలితాలు ప్రచురించారు. అందులో కొత్త మందు లేదు, కోట్ల మెషిను లేదు. అయిదు పనుల చిట్టా, ‘సార్, ఆగండి’ అనగలిగే ఒక మనిషి, అంతే. మన దగ్గర ఆ మాట గొంతులోనే ఆగిపోతుంది. వచ్చే నెల కాంట్రాక్టు రెన్యువల్ ఉన్న అమ్మాయి ప్రొఫెసర్‌ని ఆపుతుందా? ప్రొఫెసర్ దాకా ఎందుకు, పరామర్శకి వచ్చిన బంధువులని ఆపగలదా? వెళ్లకపోతే ఏమనుకుంటారో అని దగ్గుకుంటూ వచ్చే మేనమామ, పైడితల్లి కుంకుమ పట్టుకుని వెనకాల ఎనిమిదిమంది, వాళ్ల చంకల్లో పిల్లలు. సిస్టరు వద్దంటే ‘నువ్వెవరు చెప్పడానికి, సూపరింటెండెంట్‌కి ఫోన్ చేస్తా’ అంటారు.

దీనికి కొందరు డాక్టర్లు చెప్పే జవాబు ఒకటుంది. ఈ ఇన్ఫెక్షన్లు ఎక్కువభాగం రోగి సొంత పేగుల్లో, నోట్లో ఉన్న క్రిముల వల్లే వస్తాయి, నర్సు ఎంత చేతులు కడిగినా ఏం లాభం అని. మొదటి సగం నిజమే. కానీ నోటి పుండ్లని రోజూ చూసి పుక్కిలింపించేది ఎవరు? సొంత క్రిమి వల్లే వచ్చినా, ఆ జ్వరాన్ని గంటలో పట్టుకోవాల్సింది ఎవరు? తిరిగితిరిగి ఆమె దగ్గరికే వచ్చాం.

మన జిల్లాలకి ఇంకో చిక్కుంది. కీమో విశాఖలో, జ్వరం సోంపేటలో. శ్రీకాకుళం నుంచి విశాఖకే వంద కిలోమీటర్లు దాటుతుంది, సోంపేట ఇంకా అవతల. పదోరోజు ఒళ్లు కాలితే ఊళ్లో ఆర్ఎంపీ పారాసిటమాల్ ఇస్తాడు, జ్వరం దిగినట్టు కనిపిస్తుంది, లోపల పని జరిగిపోతూనే ఉంటుంది. దగ్గర్లోని ఆసుపత్రికి వస్తే ఓపీ చీటీ పట్టుకుని, దగ్గేవాళ్ల మధ్య లైన్లో నిలబడాలి. డిశ్చార్జి రోజు సిస్టరు కూర్చోబెట్టి పది నిమిషాలు చెప్పాలి, చేతికో కీమో కార్డు ఇవ్వాలి, క్యాజువాలిటీలో ఉన్న సిస్టరు ఆ కార్డు చూడగానే లైన్లోంచి లోపలికి తీసుకోవాలి. ఆ పది నిమిషాలు మిగిలితే కదా!

అసలు కోపం నాకు ఇక్కడే. 2023లోనే విజయనగరంలో మెడికల్ కాలేజీ మొదలైంది, పలాసలో ఉద్దానం కిడ్నీ రోగుల కోసం 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది. మంచిదే. (డయాలసిస్ గొట్టానికీ ఇదే ఇన్ఫెక్షన్ భయం, ఉద్దానంలో అడగండి చెబుతారు.) రిబ్బన్ కత్తిరించిన రోజు ఎన్ని పడకలని అందరూ అడిగాం, ఎందరు నర్సులని ఎవరం అడగలేదు. మత్స్యకారుడు గుజరాత్‌లోని వెరావల్‌కి, తాపీమేస్త్రి హైదరాబాద్‌కి, నర్సింగ్ చదివిన అమ్మాయి బెంగళూరుకో గల్ఫ్‌కో. మనుషుల్ని బయటికి పంపేసి బిల్డింగులు కట్టుకుంటున్న జిల్లాలు మనవి. టెక్కలి, పాలకొండ, బొబ్బిలి పిల్లలు వేరే రాష్ట్రాల ఐసీయూల్లో ఇదే పని చక్కగా చేస్తున్నారు. ఇక్కడ చేయలేకపోవడానికి కారణం వాళ్లు కాదు, నెలనెలా ఆలస్యమయ్యే ఔట్‌సోర్సింగ్ జీతం.

ఎమ్మెల్యేలు ఎప్పుడూ అడిగే స్కాన్ మెషిన్ ఈసారికి పక్కన పెట్టి రెండు జీవోలు అడగాలి. ఒకటి, క్యాన్సర్ రోగులుండే ప్రతి వార్డులో నైట్ డ్యూటీకి సరిపడా పర్మనెంట్ నర్సు పోస్టులు. రెండోది, శుభ్రత పాటించకపోతే డాక్టరునైనా, బంధువునైనా, పరామర్శకొచ్చిన ఆ ఎమ్మెల్యేనైనా గుమ్మం దగ్గరే ఆపే హక్కు సిస్టరుదని రాతపూర్వకంగా.